ప్రోగ్రెసు కార్డును గూర్చి కొన్ని మాటలు

మన సంచికకు వ్యాసమొకటి వ్రాయవలసినదని సంపాదకవర్గమువారు మమ్ము కోరినప్పుడు, గొప్ప విషయములను పెద్దలకు వదలి, ఒక చిన్న వస్తువును గూర్చి వ్రాయుదమని నిశ్చయించుకొంటిమి. అది మడతపెట్టిన అట్ట. బడికి పోవు పిల్లలున్న ప్రతి ఇంటను, ట్రంకుపెట్టె అడుగుననో, చూరులోనో, రేషను కార్డుతో కలిపి కట్టిన మూటలోనో అది యుండును. దానిని మనమందరము ప్రోగ్రెసు కార్డందుము. ప్రభుత్వపు కాగితములలో దాని పేరు ప్రగతి పత్రము. ఇటీవల కొన్ని యేండ్లుగా సమగ్ర ప్రగతి పత్రము. పేరు పొడవైన కొలది అట్టయు వెడల్పైనది. అది ఎవరికొరకు వ్రాయబడుచున్నదో వారికి అందుచున్నదా అనునదే మా ప్రశ్న. చేతికి అందుట వేరు, మనసునకు అందుట వేరు.

మొదట పాత కార్డు సంగతి. నలువదియేండ్లు దాటినవారందరును దానిని ఎరుగుదురు. లోపల గళ్లు, ఎడమప్రక్క తెలుగు, ఇంగ్లీషు, గణితము మొదలగు పేర్లు, పైవరుసలో త్రైమాసిక, అర్ధసంవత్సర, సంవత్సరాంత పరీక్షలు. నూటికి ముప్పదియైదు రానిచోట ఎర్రసిరా గీత. క్రింద హాజరు, ప్రవర్తన, ర్యాంకు. ఆ క్రింద తరగతి ఉపాధ్యాయుని సంతకము, ప్రధానోపాధ్యాయుని సంతకము, తుదకు తండ్రి లేక సంరక్షకుని సంతకము. ఆ ఎర్రగీత పసిపిల్లల హృదయములపై వాతవలె పడెడిదనుట నిజము. ర్యాంకు మరింత క్రూరమైనది. నలువదిమంది పిల్లలలో ఒక్కనికి సంతోషము కలిగించి తక్కిన ముప్పదితొమ్మండ్రకు దిగులు పుట్టించెడిది. అయినను ఒక్క సంగతి ఒప్పుకొనవలెను. ఎర్రసిరా యన్న కీడని గ్రామమున ఎవరైన ఒక్కమారు చెప్పినచో, అక్షరమెరుగని ముసలమ్మకు సైతము మనుమని చదువు ఏ తీరున నున్నదో తెలిసెడిది. ఆ కార్డు కఠినముగా మాటలాడెను గాని, మాటలాడెను.

అంతకు పూర్వమో? పిల్లవాని చదువును గూర్చి తలిదండ్రులకు చెప్పవలెనను తలంపే కొత్తది. 1862లో ఇంగ్లండునందు ఫలితములను బట్టి ధనసహాయమను నియమము పుట్టెను. ఇన్‌స్పెక్టరు బడికి వచ్చి పిల్లలను చదివించి, వ్రాయించి, లెక్కలు చేయించి, ఎందరు గట్టెక్కిరో లెక్కపెట్టెను. ఆ లెక్కను బట్టి బడికి డబ్బు. 19వ శతాబ్దపు ఉత్తరార్ధమున మద్రాసు రాజధానియందును ఈ పద్ధతి నడచెను. మిషను బడులును ఆ సొమ్ముపై ఆధారపడినవే. పిల్లవాని ప్రగతిని తెలిసికొను హక్కు ఆనాడు డబ్బిచ్చువానిదే గాని కన్నవారిది కాదు. ఈ పాతకథను జ్ఞాపకము చేయుటకు కారణము కలదు. కార్డులు నేడును పైవారి కొరకే వ్రాయబడుచున్నవేమో యని మాకు ఒక్కొక్కమారు అనుమానము కలుగుచుండును.

ఇక పెద్ద మార్పు. 2009లో చేయబడి 2010 ఏప్రిలు 1వ తేదీనుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము పిల్లలను ప్రాథమిక, ప్రాథమికోన్నత తరగతులలో ఫెయిలు చేయరాదనెను. నిరంతర సమగ్ర మూల్యాంకనము జరుగవలెననెను. నిర్మాణాత్మకము, సంగ్రహణాత్మకము అను రెండు మాటలు అప్పటినుండి మా ఉపాధ్యాయుల నోట నిత్యము ఆడుచున్నవి. ఈ భేదమును 1967లో మైకేల్ స్క్రివెన్ అను పండితుడు కల్పించెనని శిక్షణ కళాశాలలో మేము కంఠస్థము చేసితిమి. చదువు సాగుచుండగా సరిదిద్దుటకు చూచునది మొదటిది, సాగిన తరువాత ఎంతవరకు వచ్చెనో తేల్చునది రెండవది. వంటచేయునామె ఉప్పు చూచుటకును, అతిథి భోజనము చేసి చెప్పుటకును గల తేడా యిదే. ఆలోచన మంచిది. మన రాష్ట్రమున దానిని నాలుగు గళ్లలో పెట్టిరి: పిల్లల భాగస్వామ్యము, వ్రాత అంశములు, ప్రాజెక్టు పనులు, లఘు పరీక్ష. యాబది మార్కులలో మొదటి మూటికి పదేసి, లఘు పరీక్షకు ఇరువది. చిన్న తరగతులకు మార్కులు పోయి, ఏ ప్లస్ మొదలు సి వరకు ఐదు గ్రేడులు వచ్చెను. ఎర్రసిరా పోయినది, ర్యాంకు పోయినది. వానికొరకు మేము కన్నీరు కార్చము.

2020 నాటి జాతీయ విద్యావిధానము మరియొక అడుగు వేసెను. ఉపాధ్యాయుడు మాత్రమే గాక, పిల్లవాడు తన్ను గూర్చి తానును, తోడిపిల్లలు అతనిని గూర్చియు చెప్పవలెను. బుద్ధియే గాక మనసు, దేహము, నడవడి కూడ పత్రమున కనబడవలెను. ఎన్.సి.ఇ.ఆర్.టి. వారు సిద్ధపరచిన సమగ్ర ప్రగతి పత్రమునందు మూడు మెట్లకు ఏరు, కొండ, ఆకాశము అని పేర్లు పెట్టిరి. మైదానపు పట్టణములలో ఇది చక్కని ఉపమానమే కావచ్చును. కాని మా పిల్లలు కొండమీదనే పుట్టి, నీళ్లకొరకు ఏటికి దిగి, మరల కొండనెక్కువారు. ఏరు క్రింది మెట్టని వారికి చెప్పుటెట్లు? ఏరు లేనిచో ఊరే లేదు గదా! ఇది పరిహాసముగా వ్రాసితిమి గాని, చిహ్నములు సైతము ఒక చోటివి యొకచోట అర్థము మార్చుకొనునని చెప్పుటకే.

మన రాష్ట్రమున 2024 డిసెంబరు 7వ తేదీన ఒకే దినమున ప్రభుత్వ పాఠశాలలన్నింట తలిదండ్రుల, ఉపాధ్యాయుల మహాసమావేశము జరిగెను. ముఖ్యమంత్రి బాపట్లలో ఒక బడికి వచ్చి పాల్గొనిరి. 2025 జూలై 10వ తేదీన రెండవది జరిగెను. సమగ్ర ప్రగతి పత్రములు ఆ సమావేశములలో తలిదండ్రుల చేతికిచ్చుట ఆరంభమైనది. కార్డును పిల్లవాని సంచిలో పంపుట మాని, కన్నవారిని బడికి పిలిచి చేతికిచ్చుట మిక్కిలి మేలైన మార్పు. డిసెంబరు మొదటి వారము మా సీమలో కోతల కాలము. కాఫీపండ్లు ఎర్రబారి చెట్టున నిలువని దినములు. జూలై రెండవ వారము నాట్ల కాలము. పల్లమున తేదీ నిర్ణయించువారికి కొండపని క్యాలెండరు తెలియకపోవుట వింత కాదు. ఆ కూలి వదలుకొని వచ్చినవారిని చూచినప్పుడు మాకు కలిగిన గౌరవము ఇంతంత కాదు. అంత కష్టపడి వచ్చినవారికి ఏమి దొరకెనన్నదే ప్రశ్న.

2011 జనాభా లెక్కల ప్రకారము ఉమ్మడి ఆంధ్రప్రదేశమునందలి గిరిజనులలో అక్షరాస్యత నూటికి సుమారు 49. స్త్రీలలో సుమారు 40. అప్పటికిని ఇప్పటికిని కొంత మెరుగుపడియుండును. కాని మా ముంచింగిపుట్టు పరిసరములలో, ముఖ్యముగా తల్లుల తరమున, సంతకపు గడిలో నేటికిని వేలిముద్రయే తరచుగా కనబడును. ఊదా సిరా పూసిన బొటనవ్రేలు. తాను చదువలేని పత్రమును చదివితినని ఆ తల్లి సాక్ష్యమిచ్చుచున్నది! ఇట్టి సాక్ష్యమును న్యాయస్థానమున ఎవరైన అంగీకరింతురా?

మరి ఇంట ఆ కార్డును ఎవరు చదువుదురు? పిల్లవాడే. తన తీర్పును తానే చదివి వినిపించు ముద్దాయి వంటివాడు. మా చిన్ననాట తోడివాడొకడు, ఎర్రసిరా బాగుగా చదివినవారికే వేయుదురని తల్లికి చెప్పి బెల్లపు ముక్క సంపాదించెను. వచ్చిన సంతనాడే నిజము బయటపడెను. తరువాత జరిగినది వ్రాయుట అనవసరము. ఆ రోజులలో అట్టి బొంకునకు ఆయుస్సు ఒక వారము. నేటి గ్రేడులకు బొంకు సైతము అక్కరలేదు. బి ప్లస్ అనగా నేమో పిల్లవానికే తెలియదు.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక బాలిక ఆరవ తరగతిలో చేరుటకు మా యొద్దకు వచ్చెను. అంతకుముందు ఆమె చదివిన బడి పేరు ఇచట అవసరము లేదు. కార్డులు శుభ్రముగా నుండెను. అధికభాగము ఏ, అక్కడక్కడ బి ప్లస్. హాజరు మెచ్చదగినది. మేము మూడవ తరగతి తెలుగు వాచకము తెరచి చదువుమంటిమి. బాలిక బొమ్మను చూచెను. బొమ్మలోని మేకను, ముసలివానిని, చెట్టును కలిపి చక్కని కథ చెప్పెను. కథ బాగుండెను, పుస్తకములోని కథ మాత్రము కాదు. వ్రేలు పెట్టి చూపగా అచ్చులు తెలియును, హల్లులు కొన్ని తెలియును, గుణింతము పట్టుబడలేదు, ఒత్తు అనునది ఆమెకు ఆకుపై పాకు పురుగువంటిది. సంవత్సరములు ఐదు గడచినవి.

తల్లి గుమ్మము కడ నిలిచి వినుచుండెను. ఆమెది సంత తెలుగు. ఇంటి భాష ఆదివాసి ఒడియా. తొమ్మిదవ తరగతి బాలికయొకతె నడుమ నిలిచి మాట మార్చెను. సంగతి తెలిసిన పిదప ఆ తల్లి ఏడ్వలేదు, కోపపడలేదు. ప్లాస్టిక్ కవరులోనుండి పాత కార్డులు తీసి బల్లపై పరచెను. తన వేలిముద్రలను ఒకటొకటిగా చూపెను. "ప్రతిమారు వేలు వేసితిని మేష్టారూ. అమ్మాయికి చదువు పట్టుబడలేదని ఒక్కరును చెప్పలేదు. చెప్పియుండిన నేను ఊరకుందునా?"

మేము ఆమెకు ఏమి చెప్పగలము? ఆ ఉపాధ్యాయుడు అబద్ధము వ్రాసెనని అనుటకు వీలులేదు. ఒక్క ఉపాధ్యాయుడు ఐదు తరగతులను మోయు బడులెన్నియో కలవు. చార్టు అతికించిన పిల్లకు ప్రాజెక్టున పదికి తొమ్మిది వచ్చును. నల్లబల్లమీది జవాబును ముత్యములవలె ఎత్తివ్రాసిన పిల్లకు వ్రాత అంశమున తొమ్మిది వచ్చును. బుద్ధిగా కూర్చుండి చేయెత్తు పిల్లకు భాగస్వామ్యమున తొమ్మిది. ఈ ఇరువదియేడునకు లఘు పరీక్షలో ప్రక్కపిల్ల పలకను చూచి తెచ్చుకొనిన తొమ్మిది చేరినచో ముప్పదియారు. నూటికి డెబ్బదిరెండు, అది ఏ గ్రేడు! ప్రతి గడియు విడిగా నిజమే. కూడగా వచ్చిన మొత్తము మాత్రము, బాలిక చదువలేదను ఒక్క నిజమును కప్పివేసినది. పాత కార్డు తెలుగునకు ఇరువది మార్కులు వేసి ఎర్రగీత గీసియుండును. దానివలన పిల్ల బడి మానియుండునేమో, అది వేరు మాట. కొత్త కార్డువలన పిల్ల బడి మానలేదు. బడిలోనుండియే చదువు మానినది.

ఆ బాలిక సంగతి తెలుపవలెను. సాయంకాలములందు చిన్న తరగతుల వాచకములతో మరల మొదలిడెను. ఎనిమిదవ తరగతి ముగియునాటికి కథలు తానే చదివికొనగలిగినది. గణితమున మాత్రము ఆ ఐదేండ్ల లోటు పూర్తిగా తీరలేదు.

తలిదండ్రులకు చదువు రాకపోవుటయే దోషమని కొందరు మిత్రులు మాతో వాదించిరి. చదువు వచ్చిన దేశపు మాట వినుడు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రమున 2023లో తొమ్మిదవ తరగతి వరకు అక్షర గ్రేడులు తొలగించి, మొలకెత్తుచున్నది, పెరుగుచున్నది, సమర్థము, విస్తరించుచున్నది అను అర్థముగల నాలుగు మాటలు పెట్టిరి. అచటి తలిదండ్రులు పెద్ద చదువులు చదివినవారే. అయినను, మొలకెత్తుచున్నదనగా మా పిల్లవాడు వెనుకబడెనా, లేదా యని వారే అడిగిరి. స్వీడను దేశమున సాధారణముగా ఆరవ తరగతికి ముందు గ్రేడులు లేవు. దానికి బదులు ప్రతి అర్ధసంవత్సరమున ఉపాధ్యాయుడు, పిల్లవాడు, తలిదండ్రులు ఒక బల్లచుట్టు కూర్చుండి మాటలాడుదురు. రెండవది మాకు నచ్చినది. ఐశ్వర్యవంతుల పద్ధతియని కాదు. బల్ల, మూడు కుర్చీలు, అరగంట కాలము; ఇవి ముంచింగిపుట్టున సైతము దొరకును. కుర్చీలు లేనిచో అరుగు కలదు.

మన చట్టము చెప్పునదియు అదియే. విద్యాహక్కు చట్టపు 24వ సెక్షను ఉపాధ్యాయుని విధులను చెప్పుచు, తలిదండ్రులతో క్రమముగా సమావేశమై, పిల్లవాని హాజరును, నేర్చుకొను శక్తిని, నేర్చిన దానిని వారికి తెలియజేయవలెనని విధించుచున్నది. తెలియజేయవలెను అనియున్నది. కార్డు పంపవలెనని ఆ మాటలలో లేదు! మేము ఈ సెక్షనును పలుమారులు చదివితిమి. తెలియజేయుట యనగా ఎదుటివానికి తెలియుట. ఉత్తరము వ్రాసితిని, వానికి చదువరాకపోయిన నాదేమి తప్పు అను తపాలావాని న్యాయము ఇచట చెల్లదు.

తెలియవలెనన్న భాష కావలెను. 1863లో పుట్టి 1940లో గతించిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండి సవరభాష నేర్చుకొని, సవర పిల్లలకు సవరభాషలోనే చదువు చెప్పించిరి; పుస్తకములు వ్రాసిరి. వ్యావహారిక భాషకై జీవితాంతము పోరాడిన ఆ మహనీయుని మేము ఇట్టి గ్రాంథికమున కొనియాడుట చూచి చదువరులు నవ్వుకొందురు గాక! 2004లో మన రాష్ట్రమున సవర, కువి, కొండ, ఆదివాసి ఒడియా, కోయ, గోండి, కొలామి, బంజారా అను ఎనిమిది భాషలలో చిన్నపిల్లలకు తెలుగు లిపియందే వాచకములు వచ్చినవి. వానిలో ఆదివాసి ఒడియా, కువి మన చుట్టుపట్ల వినబడునవే. బడిలో పిల్లకు ఇంటిభాష యిచ్చిరి. కాని మేము ఇంతవరకు చూచిన ప్రగతి పత్రములన్నియు తెలుగునందో ఇంగ్లీషునందో యున్నవి. ఒడియాలో పిల్లను 'పిలా' అందురు. తెలుగునకు అది ఎంత దగ్గర! అంత దగ్గర మాటను సైతము ఆ అట్టపై చూడము. వ్రాసిననేమి, చదువలేరు గదా యని ఆక్షేపింతురు. నిజమే, కావున నోటితోనే చెప్పవలెను.

మేమును మా సహోద్యోగులును మూడు సంవత్సరములుగా చిన్న తరగతులలో చేయుచున్న పనిని ఇప్పుడు చెప్పెదము. ఇది మా కల్పన కాదు. ప్రథమ్ సంస్థవారు 2005 నుండి జరుపు అసర్ అను సర్వేయందు, యువకులు ఇంటింటికి పోయి పిల్లలచే వరుసగా అక్షరములు, పదములు, ఒకటవ తరగతి స్థాయి పేరా, రెండవ తరగతి స్థాయి కథ చదివింతురు. పరీక్ష ఇంటివద్ద జరుగును, ఇంటివారు చూచుచుందురు. దానినుండి మేము ఎత్తికొంటిమి. సంతనాడు కొండదిగి వచ్చిన తలిదండ్రులు, సరకు అమ్ముకొన్న తరువాత, బడి వరండాకు వత్తురు. జోలాపుట్టు జలాశయమునకు ఆవలి ఊళ్లవారు పడవ వేళను బట్టి ముందుగా వత్తురు. పిల్లవాడు వారి ఎదుట కూర్చుండి చదువును. మేము మాటాడము.

చదువురాని తండ్రికి ఏమి తెలియునందురా? తడబడి చదువుటకును, ధారగా చదువుటకును గల భేదము చెవియున్న ప్రతివానికి తెలియును. గుడ్డివాడు సైతము నడక సవ్వడిని బట్టి మనిషిని గుర్తించును గదా. మొదటి సంవత్సరమున పిల్లలు పాఠములను కంఠస్థము చేసికొని వచ్చి పుస్తకమును తలక్రిందుగా పట్టి చదివిరి. అప్పటినుండి పద్ధతి మార్చితిమి. ఇంటినుండి అక్షరములున్న కాగితమేదైన తెండనుచున్నాము. తెచ్చునవి చిత్రవిచిత్రములు. గిరిజన సహకార సంస్థవారి తూకపు చీటి, విత్తనపు సంచి, మందుసీసాపై కాగితము, భూమి పట్టా. ఒక తండ్రి తెచ్చిన చింతపండు తూకపు చీటిని నాలుగవ తరగతి కుమారుడు చదివి, కిలోలను ధరతో గుణించి చెప్పినప్పుడు, ఆ తండ్రి నడుమునకు చుట్టిన గుడ్డలోని డబ్బు తీసి లెక్కించి చూచికొనెను. సరిపోయెను. ఆ కుటుంబమునకు ఆనాడు అందిన ప్రగతి పత్రము అది. ఏ ప్లస్ అని వ్రాసియుండిన ఆయన డబ్బు తీసి లెక్కించెడివాడా?

చదువలేకపోయిన పిల్లల సంగతియే కష్టము. పదిమంది ఎదుట తడబడినచో ఎర్రసిరా మరల వచ్చినట్లే. కావున ఒక్కొక్క కుటుంబమును విడిగా కూర్చుండబెట్టుచున్నాము. పిల్లకు వచ్చిన మెట్టు దగ్గరనే మొదలిడి, వచ్చినది చదివించిన పిదపనే రానిది చెప్పుచున్నాము. ఒక్కొక్కరికి పావుగంట పట్టును. తరగతికి ముప్పదిమంది యన్న ఎన్ని గంటలో లెక్కవేసికొనుడు. ప్రభుత్వపు బడులలో గడులు నింపుటకు, ఫోనులో అంకెలు ఎక్కించుటకు మా తోడి ఉపాధ్యాయులు వెచ్చించు కాలమును ఎరిగినవారము గనుక, ఇది అందరికిని సాధ్యమని గొప్పలు చెప్పము. ఆ గడులలో సగము తగ్గించి ఈ పావుగంటను వారికిచ్చిన మేలని మాత్రము చెప్పుదుము. ఆశ్రమ పాఠశాలలలో పిల్లలనుంచి, పండుగకు తప్ప రాలేని తలిదండ్రుల విషయమున మాకును దారి తోచలేదు.

భాషాంతరము మరియొక చిక్కు. మేము ఆదివాసి ఒడియా కొంత నేర్చితిమి, కువి రాదు. పెద్ద తరగతి పిల్లలు సాయపడుచున్నారు. కాని ఒక ఊరి పిల్ల తన పొరుగింటి పిల్ల లోపమును ఆమె తల్లికి చెప్పుట మర్యాద కాదు. సాయంకాలమునకు ఊరంతయు తెలియును. ఈ సంవత్సరము వంటశాలలో పనిచేయు పెద్దమ్మను అడిగితిమి. ఆమె ఒప్పుకొని, మేము చెప్పిన నాలుగు మాటలను పదునాలుగు చేసి చెప్పుచున్నది. మేము "లెక్కలలో కొంచెము వెనుక" అన్నచో, ఆమె ఆ తల్లితో ఎంతసేపు మాటాడునో! ఏమి చెప్పితివమ్మా యని అడిగినచో, "పిల్లచేత చోడి కుంచములు కొలిపించుమంటిని, రాత్రి పొయ్యికడ పది చింతగింజలు పెట్టి కూడించుమంటిని" అనెను. శిక్షణ కళాశాలలో మాకు ఇంతకంటె మంచి సలహా ఎవరును చెప్పలేదు.

కార్డును పారవేయుమని మేము అనుట లేదు. పిల్ల బడి మారినప్పుడు అది కావలెను. హాజరు గడిని మాత్రము తలిదండ్రులు తామే అడిగి తెలిసికొందురు. 2020లో వచ్చిన అమ్మ ఒడి పథకమునకు నూటికి డెబ్బదియైదు హాజరుండవలెనను నియమమే వారికి ఆ అంకెను నేర్పెను. ప్రయోజనము తెలిసిన అంకెను ఎవరైనను నేర్చుకొందురనుటకు ఇంతకంటె సాక్ష్యమేల? 2025–26 సంవత్సరమున పరీక్షల జవాబులన్నియు ఒకే పుస్తకమున వ్రాయించి దాచు పద్ధతి రాష్ట్రమున వచ్చినది. జూన్‌నాటి దస్తూరిని మార్చినాటి దస్తూరితో ప్రక్కప్రక్కన చూపవచ్చును గనుక, అదియు మాకు మేలుగనే తోచుచున్నది. అభిప్రాయపు గడిలో "ఇంకను శ్రద్ధగా చదువవలెను" అని వ్రాయుట మేము మానితిమి. ఆ మాట ఏ పిల్లకైనను, ఏ సంవత్సరమైనను సరిపోవును. కావున ఎవరికిని సరిపోదు. దానికి బదులు, ఈ పిల్ల ఇప్పుడు ఏమి చేయగలదో ఒక వాక్యము, ఇంకను ఏమి చేయలేదో ఒక వాక్యము వ్రాయుచున్నాము. "రెండంకెల తీసివేతలు చేయును, అప్పు తెచ్చుట రాదు." ఇది చదివి వినిపించగా ఒక తాతగారు, "అప్పు తెచ్చుట రాకపోవుటయే మంచిది బాబూ" అని నవ్విరి. గణితపు అప్పు వేరని చెప్పుటకు మాకు కొంతసేపు పట్టెను.

ఐదవ, ఎనిమిదవ తరగతులలో పిల్లలను నిలుపుటకు 2019 నాటి సవరణ ప్రభుత్వములకు వీలు కల్పించినది. 2024 డిసెంబరులో కేంద్రప్రభుత్వము తన పాఠశాలలకు ఆ నియమము ప్రకటించినది. ఇంతవరకు కార్డు తెలియకపోయినను పిల్ల పై తరగతికి పోయెడిది. నిలుపు రోజులు వచ్చినచో, ఐదవ తరగతి చివర ఒక్కమారుగా తెలియును; అప్పటికి ఐదు సంవత్సరములు చేజారియుండును. ముందుగా తెలిసికొను హక్కు ఆ తలిదండ్రులకు మరింత అవసరము కానున్నది.

మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లల తలిదండ్రులకు ఒక విన్నపము. ఇటుకల పండుగ దినములలో ఎవరికిని తీరికయుండదు గనుక, ఈ సంవత్సరము చదివించు దినమును పండుగకు రెండు సంతల ముందే ఉంచితిమి. మధ్యాహ్నము మొదలు పడవ వేళవరకు వరండాలో ఉందుము. తల్లియైనను, తండ్రియైనను, తాతయైనను ఎవరు వచ్చినను సరే. కార్డు మరచినను బాధ లేదు. ఇంట అక్షరములున్న కాగితమేదైన ఒకటి తప్పక తెచ్చుడు.